ఒక్క టైరు అమ్మని జతల మామయ్య

జతల మామయ్యకు లోకంలో ఒకే ఒక శత్రువు ఉంది. దాని పేరు ‘ఒకటి’. ఒంటి చెప్పు, ఒంటి గాజు, జత లేని మేజోడు, ఏది కంటపడినా ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ఇలాంటి మనిషి ఏ గాజుల కొట్టో పెట్టుకుని ఉంటే ఆయనా హాయిగా ఉండేవాడు, ఊరూ హాయిగా ఉండేది. ఆయన పోయి పోయి టైర్ల కొట్టు పెట్టాడు. టైరు పగిలితే సాధారణంగా ఒక్కటే పగులుతుంది. ముందుగా కూడబలుక్కుని రెండూ ఒకేసారి పగిలే టైర్లను ఇంతవరకూ ఏ కంపెనీ తయారుచేయలేదు.

"ఒక టైరు కావాలండీ" అంటారు వచ్చినవాళ్ళు.

"రెండు" అంటాడు మామయ్య, తల ఎత్తకుండా.

"పోయింది ఒకటేనండీ."

"పోయింది ఒకటే. అరిగింది రెండూ. ఒకే ఇరుసుకి అటు కొత్తదీ ఇటు పాతదీ వేస్తే ఒకటి నేలను పట్టుకుంటుంది, రెండోది జారుతుంది. వానలో గట్టిగా బ్రేకు వేశారనుకోండి, బండి మీరు చూసే వైపు వెళ్ళదు. దానికి తోచిన వైపు వెళ్తుంది."

"ఒక్క టైరుకే అంత తేడా ఉంటుందా అండీ?"

ఈ ప్రశ్న అడగకూడదు. ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ అడగరు. అడిగితే మామయ్య మాట్లాడకుండా లేచి, గుమ్మం పక్కనున్న ఒక రబ్బరు బూటునూ ఒక చెప్పునూ తెచ్చి ఆ మనిషి ముందు పెడతాడు. బూటు మోకాలి దాకా వస్తుంది. చెప్పు అరిగి అరిగి కాగితం మందాన ఉంటుంది.

"ఈ కాలికి ఇది, ఆ కాలికి అది. కరెంటు స్తంభం దాకా వెళ్ళి ఒక చుట్టు తిరిగి రండి. తర్వాత మాట్లాడదాం."

బ్యాంకు మేనేజరు తిరిగాడు. వకీలుగారు నల్లకోటుతో తిరిగాడు. ఒక పోలీసు అధికారి తిరగనని భీష్మించుకుని కూర్చుని, చివరికి టోపీ తీసి కొట్లో పెట్టి తిరిగి వచ్చాడు. వెళ్ళినవాళ్ళంతా కుంటుకుంటూ వచ్చి, నడుం పట్టుకుని, కిక్కురుమనకుండా రెండు టైర్లు తీసుకున్నారు. ఒక్క పళ్ళ డాక్టరు మాత్రం చుట్టు తిరిగి వచ్చి "నాకు బాగానే ఉందండీ" అన్నాడు. మామయ్యకు అనుమానం వచ్చింది. ఆయన్ని గోడకి ఆనించి నిలబెట్టి టేపుతో కొలిచాడు. డాక్టరుగారికి ఒక కాలు కాస్త పొట్టి. "అదీ సంగతి! మీ ఒక్కరికే చెల్లింది. మీ బండికి చెల్లదు" అని ఆయనకూ రెండే అంటగట్టాడు.

మామయ్య మేనకోడలు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఈ తమాషా చూస్తూ పెరిగింది. బడి నుంచి వచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చిన టైర్ల మీదెక్కి కూర్చుని, ఎక్కాలు చదువుతూ ఎవరెవరు ఎలా కుంటుతున్నారో చూసి పడీపడీ నవ్వేది. అదేం చిత్రమో, అక్కడ కూర్చుని చదివినందుకు ఆమెకు ఎక్కాల్లో రెండో ఎక్కం ఒక్కటే బాగా వచ్చింది.

టైర్లను జత చేసేటప్పుడు మామయ్యను చూడాలి. పెళ్ళిచూపులకు వెళ్ళిన పెద్దమనిషిలా గొంతు సవరించుకుని కూర్చుంటాడు. ముందు కంపెనీ చూస్తాడు. తర్వాత కొలత. తర్వాత పక్కన అచ్చొత్తిన అంకెలు చదివి అది ఏ సంవత్సరం ఏ వారంలో పుట్టిందో చెబుతాడు. చివరికి గాట్లలో సన్నటి ఇనుప బద్ద దూర్చి, మూడు చోట్ల లోతు చూసి, పెదవి విరుస్తాడు.

"కుదరలేదా అండీ?" అని అడుగుతాడు బండాయన, పిల్ల తండ్రిలా బిక్కుబిక్కుమంటూ.

"మంచి టైర్లేనండీ. ఈడు కుదరలేదు."

ఇంట్లోనూ ఇదే గొడవ. భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ కాలు విరిగింది. ఒక కాలు మారిస్తే కుదరదని నాలుగూ మార్పించాడు. మార్చాక ఎదుటి కుర్చీ పొట్టిగా కనబడింది. దాని కాళ్ళూ మార్పించాడు. ఆ తర్వాత బల్ల పొట్టిదైపోయింది. అత్తయ్య వడ్రంగిని గుమ్మంలోనే నిలబెట్టి "నువ్వింక లోపలికి రాకు నాయనా, వచ్చావంటే ఇల్లు ఎత్తమంటాడు" అని దణ్ణం పెట్టి పంపించేసింది.

విచిత్రమేమిటంటే మామయ్యా అత్తయ్యా మాత్రం ఏ కోశానా జత కారు. ఆయన పొడుగ్గా సన్నగా నిచ్చెనలా ఉంటాడు. ఆవిడ పొట్టిగా గుండ్రంగా ఉంటుంది. ఆయన గంటకొక మాట, ఆవిడ మాటకొక గంట. చిన్నప్పుడు ఒకసారి మేనకోడలు ఉండబట్టలేక అడిగేసింది.

"అత్తయ్యా, నువ్వూ మామయ్యా జత కుదరలేదు కదా. మరి మామయ్య ఎలా ఒప్పుకున్నాడు?"

అత్తయ్య కోప్పడలేదు. ఇలా చెప్పింది. "టైర్లను ఈడూ జోడూ చూసి కలుపుతారే పిచ్చిదానా. మనుషులు కలిశాక అరిగి అరిగి సరిపోతారు."

మేనకోడలికి అప్పుడు అర్థం కాలేదు. పెద్దయ్యాక అర్థమైంది. ఇప్పటికీ ఎవరైనా దంపతులు రోడ్డు మీద పోట్లాడుకుంటూ కనబడితే ఆమె మనసులో ‘ఇంకా అరగాలి’ అనుకుంటుంది.

ఇంత నియమం ఉన్న మామయ్య సొంత బండి సంగతికి వస్తే, ఊరంతా కడుపు పట్టుకుని నవ్వేది అక్కడే. ఆయనకొక పాత వ్యాను ఉంది. దానికి నాలుగు టైర్లు, నాలుగూ నాలుగు రకాలు. ముందు ఎడమది కొత్తగా నిగనిగలాడుతుంటే కుడిది నున్నగా గుండు కొట్టించుకున్నట్టు ఉంటుంది. వెనక రెండూ ఎడమొహం పెడమొహం. పోనీ అవైనా స్థిరంగా ఉంటాయా అంటే లేదు. ఇవాళ ఉన్న టైరు వచ్చే నెల ఉండదు.

"ఏంటండీ మీ బండికి ఈ గతి?" అని అడిగితే "ప్రయోగం" అంటాడు. ఇంకా గుచ్చి అడిగితే "డాక్టరు తన మందు తను మింగుతాడా?" అంటాడు. ఊరికి రెండు చెప్పే మామయ్య బండి అడ్డబొట్టు లేని పంతులులా తిరుగుతోందని అందరూ చాటుగా అనుకునేవాళ్ళు. మేనకోడలు చాటుగా కాదు, ఎదురుగానే అనేది.

పైగా ఆ వ్యానును ఆయన నడపడు, నడిపిస్తాడు. చిన్నపిల్లల చెయ్యి పట్టుకుని నడిపించినట్టే. సైకిళ్ళు దాన్ని దాటిపోతాయి. బడిపిల్లలు దాటిపోతారు. వాన చినుకు పడిందంటే బండి బయటికే తీయడు. అత్తయ్య పక్కన కూర్చుని కొంతదూరం వచ్చి, కూరగాయల బండి కనబడగానే తలుపు తీసుకుని దిగిపోతుంది. ఆపమని కూడా అడగదు. బేరమాడి, వంకాయలు ఏరుకుని, పక్కావిడతో నాలుగు మాటలు మాట్లాడి, మళ్ళీ నాలుగంగల్లో వచ్చి ఎక్కేస్తుంది.

ఇదిలా ఉండగా మేనకోడలికి ఒక మంచి అవకాశం వచ్చింది. ఎన్నాళ్ళో పరాయి బండ్లు నడిపి నడిపి, ఈమధ్యే ఆమె సొంతంగా ఒక పాత వ్యాను కొనుక్కుంది. కొండ మీది వీధుల్లో మూత్రపిండాలు పాడైన రోగులు కొందరున్నారు. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వాళ్ళు రోజు విడిచి రోజు కింద ఆసుపత్రికి రావాలి, రాకపోతే ప్రాణం మీదికి వస్తుంది. వాళ్ళను తీసుకొచ్చే పాత డ్రైవరు మానేశాడు. ఆసుపత్రి వాళ్ళు ఈమెను పిలిచి "సోమవారం ఒకసారి తీసుకొచ్చి దింపమ్మా. రోగులకు ఇబ్బంది లేకపోతే పని నీదే" అన్నారు. ఆ సోమవారం కోసం ఆమె వ్యాను సీట్లన్నీ ఉతికింది, ఎక్కేవాళ్ళకు అందేలా పట్టుకునే కడ్డీ బిగించింది.

శనివారం సాయంత్రం ఒక సందు మలుపులో, మురుగుకాలవ మూతకున్న ఇనుప అంచు గీసుకుని వ్యాను వెనక ఎడమ టైరు పక్కభాగం చీరుకుపోయింది. అక్కడ చీలితే అతుకు నిలవదు. ఆమె దిగులుపడలేదు. బండిలో అదనపు చక్రం, అదే స్టెప్నీ, ఉంది, పైగా ఎప్పుడూ వాడనిది. అది బిగించుకుని నేరుగా మామయ్య కొట్టుకు వచ్చింది.

"మామయ్యా, నట్లు ఒకసారి గట్టిగా బిగించి పంపు. సోమవారం దీంతోనే వెళ్తాను."

మామయ్య వెనక చక్రాల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఎడమదాన్ని తడిమాడు. కుడిదాన్ని తడిమాడు. లేచి చెయ్యి చాపాడు.

"తాళం ఇలా ఇవ్వు."

ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఇటు నిన్న పుట్టిన పసిబిడ్డ. అటు సగం జీవితం చూసేసిన మనిషి. ఇద్దరినీ ఒక ఇరుసుకి కట్టి కొండ ఎక్కిస్తావా? ఈ కొలతవి కొట్లో లేవు. కొత్త జత మంగళవారం లారీలో వస్తుంది."

"నా పని సోమవారం మామయ్యా!"

"వాన పడేలా ఉంది. కొండ రోడ్డు. వెనక సీట్లో రోగులు."

"నేను మెల్లగా నడుపుతానులే."

"స్టెప్నీ అంటే ఇంటికి చేరడానికే. రోగులను కూర్చోబెట్టి కొండ దిగడానికి కాదు. ఒక్క చుట్టు తిరిగి రా, నీకే తెలుస్తుంది" అంటూ ఆయన గుమ్మం వైపు నడిచి బూటు చేతిలోకి తీసుకున్నాడు.

ఆ బూటును చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ బూటు నా ముందు పెట్టావంటే చూడు! నీ బండికి నాలుగు టైర్లూ నాలుగు రకాలు. ఊరంతా నవ్వుతోంది. నువ్వు నాకు నీతులు చెబుతావా? ముందు నీ ఇల్లు చక్కబెట్టుకో!"

కొట్లో ఉన్న మనుషులంతా పక్కకు చూశారు.  మామయ్య ఆ బూటును దాని చోట, చెప్పు పక్కన సరిగ్గా పెట్టాడు.

"రేపు పొద్దున్న రా" అన్నాడు. తాళం మాత్రం ఇవ్వలేదు.

ఆదివారం పొద్దున్న ఆమె మూతి ముడుచుకునే వచ్చింది. పోట్లాటకు కావలసిన మాటలన్నీ దారిలోనే కూర్చుకుంది. ఒక్కటీ పనికిరాలేదు. వ్యాను బయట సిద్ధంగా ఉంది. స్టెప్నీ మళ్ళీ స్టెప్నీ చోటికి వెళ్ళిపోయింది. వెనక ఎడమ వైపు వేరే టైరు ఉంది. అదే కంపెనీ, అవే గాట్లు, అంతే అరుగుదల. కళ్ళు మూసుకుని రెండింటి మీదా చెయ్యి పెడితే ఏది తనదో ఆమె చెప్పలేకపోయింది.

"ఎక్కడిది మామయ్యా?"

"వెనక గదిలో ఏదో మూల పడుంది."

ఆమె ఆ వెనక గదిలో ఆడుకుని పెరిగింది. అక్కడ ఏదీ ఏ మూలా ఒంటరిగా పడి ఉండదని ఆమెకు తెలియంది కాదు. కానీ నిన్నటి కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. ‘సరే, వస్తాను’ అని మాత్రం అని తాళం తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం వాన వచ్చింది. మామూలుగా రాలేదు, పగబట్టినట్టు వచ్చింది. ఆమె రోగులందరినీ ఒక్కొక్కరినీ గొడుగు పట్టి ఎక్కించుకుని కొండ దిగసాగింది. వాళ్ళలో రిటైరైన ఒక పంతులమ్మ ఉంది. నిటారుగా దిగే పెద్ద మలుపంటే ఆవిడకు గుండె దడ. "అది వచ్చే ముందు చెప్పమ్మా, కళ్ళు మూసుకుంటాను" అని ఎక్కేటప్పుడే చెప్పింది.

సరిగ్గా ఆ మలుపులోనే ఒక గేదె రోడ్డు మధ్యకు వచ్చి, ఈ వాన తన కోసమే కురుస్తున్నట్టు నిలబడింది. ఆమె బ్రేకు తొక్కింది.  బండి వెనక భాగం ఏ పక్కకి విసురుతుందోనని స్టీరింగు బిగించి పట్టుకుంది. అది ఏ పక్కకీ విసరలేదు. గీత గీసినట్టు తిన్నగా వచ్చి గేదె ముందు ఆగింది. ఆమె వెనక్కి తిరిగి చూస్తే పంతులమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఆసుపత్రిలో దింపాక అక్కడి అధికారిణి పంతులమ్మను అడిగింది. "ప్రయాణం ఎలా జరిగిందమ్మా?"

"మలుపు వచ్చే ముందు చెబుతానంది. ఇంకా చెప్పనే లేదు" అంది పంతులమ్మ.

పని ఖాయమైపోయింది. సాయంత్రం అందరినీ క్షేమంగా కొండ మీద దింపి, ఆ కబురు చెప్పడానికి ఆమె నేరుగా మామయ్య ఇంటికి వెళ్ళింది. వాకిట్లోకి అడుగుపెట్టగానే ఆగిపోయింది. రేకుల పందిరి కింద మామయ్య వ్యాను ఇటుకల మీద నిలబడి ఉంది. ఒక్క చక్రం లేదు.

"అత్తయ్యా, బండికి ఏమైంది?"

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమెను ఎగాదిగా చూసింది. "నీ వ్యాను వెనక ఎడమ కాలు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావే?"

మేనకోడలు ఒకసారి ఆ ఇటుకల వైపు, ఒకసారి గేటు బయటున్న తన వ్యాను వైపు చూసింది.

"చెప్పొద్దన్నాడు. నా నోట నువ్వుగింజ నానదని తెలిసీ నాతో చెప్పడం ఆయన తప్పు" అంటూ అత్తయ్య అరుగు మీద కూర్చుంది. "ఈ డొక్కు వ్యానే ఎందుకు కొన్నాడో తెలుసా? ఊళ్ళో సగం బండ్లకి ఇదే కొలత. ఒకటి కొత్తది, ఒకటి కాస్త వాడింది, ఒకటి సగం అరిగింది, ఒకటి బాగా అరిగింది, ఎప్పుడూ నాలుగు ఈడులవి దీనికి తగిలించి తిప్పుతాడు. రెండు కొనలేనివాళ్ళు ఒక్క టైరు పోగొట్టుకుని వస్తారు చూడు, వాళ్ళకి మిగిలిన రెండో దానికి ఈడైనది దీన్నుంచి ఊడుతుంది. నర్సమ్మ బండికి ఒకటి వెళ్ళింది. పాల వ్యానుకి ఒకటి. దీని స్టెప్నీ ఎప్పుడో పోయింది."

"మరి చెప్పొచ్చు కదా! ఊరంతా నవ్వుతుంటే..."

"చెబితే ఎవరు తీసుకుంటారే? ‘మీ బండిది ఊడదీసి మాకెందుకండీ’ అంటారు. వెనక గదిలో దొరికిందంటే మారుమాట్లాడకుండా పట్టుకుపోతారు. నవ్వితే నవ్వనీ, నవ్వుతూ క్షేమంగా ఇంటికి చేరనీ అంటాడు మీ మామయ్య."

"అందుకేనా అంత మెల్లగా నడిపేది?"

"నాలుగు రకాల టైర్లతో జోరుగా పోకూడదని ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

మేనకోడలికి శనివారం తను కొట్లో అందరి ముందూ అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.  అంతలో మామయ్య గొడుగు వేసుకుని, నడుచుకుంటూ గేటు తీసుకుని వచ్చాడు.

"ఏమ్మా, జారిందా?"

"లేదు మామయ్యా. గీత గీసినట్టు ఆగింది." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "మామయ్యా, మొన్న నేను..."

"గేదె బాగుందా?" అన్నాడు ఆయన, ఆ మాటను అక్కడే ఆపేస్తూ. గేదె కబురు ఆమె కంటే ముందే కొండ దిగి వచ్చేసినట్టుంది.

ఆమె కళ్ళు తుడుచుకుని వ్యాను వైపు చూసింది. అప్పుడు ఆమెకు ఒక అనుమానం వచ్చింది.

"నాకిచ్చింది ఒక్క టైరే కదా. ఆ మూల ఒక్కచోట ఇటుకలు పెడితే సరిపోయేదిగా. మిగతా మూడూ ఎందుకు ఊడదీశావు?"

మామయ్య మొహంలో నిజమైన బాధ కనబడింది. "మూడు టైర్లూ ఒక ఇటుకల దొంతరా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే?" తర్వాత ఆమె దగ్గరికి వంగి, గొప్ప రహస్యం చెబుతున్నట్టు అన్నాడు. "వెళ్ళి చూసుకో. ఇటుకలన్నీ ఒకే బట్టీవి."

మంగళవారం పొద్దున్న మేనకోడలే తన వ్యానులో ఇద్దరినీ ఎక్కించుకుంది. వీధి మలుపులో కూరగాయల బండి కనబడగానే అత్తయ్య అలవాటు ప్రకారం తలుపు మీద చెయ్యి వేసింది. మామయ్య చటుక్కున ఆవిడ కొంగు పట్టుకుని లాగాడు. "ఇది మన బండి కాదే! ఇది ఆగితే గానీ దిగకూడదు!"

కొట్టు ముందు అప్పటికే సరుకుల వ్యానాయన ఒకడు ఎదురుచూస్తున్నాడు. మనిషి చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది, నోరు మాత్రం చెక్కు చెదరలేదు.

"ఒక్క టైరు చాలమ్మా. మీ మామయ్య రెండు కొనమంటాడేమో. ఆయన బండి ఇటుకల మీద కూర్చుందట కదా, ముందు దాని సంగతి చూసుకోమను!" అని పకపకా నవ్వాడు.

వారం క్రితమైతే ఆ నవ్వుకు ఆమె వంత పాడేది. ఇప్పుడు మాట్లాడకుండా గుమ్మం పక్కకు వెళ్ళి, బూటునూ చెప్పునూ తెచ్చి అతని ముందు పెట్టింది.

"కరెంటు స్తంభం దాకా వెళ్ళి ఒక చుట్టు తిరిగి రండి. తర్వాత మాట్లాడదాం."

అతను గొణుక్కుంటూ బయల్దేరాడు. స్తంభం వైపు కుంటుకుంటూ పోతుండగా ఆమె వంగి, అతని వ్యానుకు మిగిలిన రెండో టైరు గాట్లలో వేలు పెట్టి చూసింది.

"మామయ్యా, ఇది బాగానే అరిగింది. మనింట్లో ఊడదీసి పెట్టిన మూడింటిలో దీని ఈడుది ఉందా?"

"మెల్లగా మాట్లాడవే" అన్నాడు మామయ్య, లోపలి నుంచి కంగారుగా. "వింటాడు."